మా వీధిని మారుమూల ప్రాంతంగా ప్రకటించమని

జిల్లా ఆరోగ్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: చర్చి గోడకు ఆనుకొని ఉన్న మా వీధిని వైద్యం అందని మారుమూల ప్రాంతంగా ధ్రువీకరించుట గురించి.

మా చర్చి ఆవరణలో వైద్యం గది కట్టిన రోజున అప్పటి సంఘపెద్ద రిబ్బను కత్తిరించి, "ఈ వీధివాళ్ళకి ఈ తలుపు ఎప్పుడూ మూసుండదు" అని అందరి ముందూ మాట ఇచ్చారు. ఆయన పోయారు. మాట ఆయనకంటే ముందే పోయింది. ప్రస్తుతం ఆ గదిలో విరిగిన బెంచీలు, పాడైన మైకులు విశ్రాంతి తీసుకుంటున్నాయి. ఇక నా మనవి:

1. నా భార్యకు షుగరు. కుడిపాదం మీద పుండు. రోజు విడిచి రోజు కట్టు మార్చకపోతే పాదమే తీసేయాల్సి వస్తుందని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పారు. అక్కడికి రెండు బస్సులు మారాలి. పుండు కాలితో మనిషిని బస్సెక్కించే విద్య నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. నా చేతులు వణుకుతాయి. నేను కట్టిన కట్టు ఆవిడ గడప దాటేలోపే ఊడిపోతుంది.

2. మొన్నమొన్నటిదాకా కట్టు మార్చింది మా చర్చి నర్సమ్మ. ఆ పిల్లను మూణ్ణెల్ల కిందట పాటలు పాడి, ఫోటోలు తీసి, కొండల అవతలికి మిషనరీగా పంపారు. అక్కడ బాలింతలను చూస్తోంది, నీళ్ళు కాచి తాగడం నేర్పుతోంది. మంచి పనే, కాదనను. ప్రతి ఆదివారం ఆ ఫోటోలు తెరమీద వేస్తారు. ఒకదాంట్లో ఎవరో ముసలమ్మ కాలికి కట్టు కడుతోంది. సంఘమంతా చప్పట్లు. కుర్చీమీద కాలు చాపుకొని మా ఆవిడ కూడా కొట్టింది.

3. ఇంకో నర్సును పెట్టమని మిషన్ కమిటీ కార్యదర్శిని అడిగాను.

"రూలు మీకు తెలుసు కదా మాస్టారూ. మారుమూల అని అధికారి సర్టిఫికెట్ ఉంటేనే మనిషిని పంపుతాం."

"మా ఇంటికి వైద్యం అందట్లేదయ్యా."

"మీది చర్చి పక్క వీధేనండీ! మిషన్ అంటే కనీసం ఒక ఏరైనా దాటాలి."

"మురుక్కాలవ దాటితే చాలదా? వానొస్తే అదీ ఏరే."

"మీ వెటకారం మీరు మానరు. ప్రార్థన చేస్తాంలెండి."

చేశారు కూడా, మైకులో. వీధంతా విన్నది, పుండు వినలేదు.

4. పోయిన నెల వేరే ఊరి చర్చివారు సేవ చేస్తామని మా వీధికే వచ్చారు. చేతులు కడుక్కోవడం నేర్పి, సబ్బులు పంచి, మాతో ఫోటోలు దిగి వెళ్ళారు. వాళ్ళ లెక్కలో మేము మారుమూలే. వాళ్ళ చర్చి పక్క వీధికి నర్సు ఉందా అని అడగడం మరిచాను.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఊరికే అనలేదు. కావున, మా వీధి మారుమూల అని ఒక్క ముక్క రాసి ముద్ర వేయించండి. మా చర్చి మమ్మల్ని అప్పుడు కనిపెడుతుంది. అది కుదరదంటే ప్రభుత్వ నర్సును ఆ గదికి పంపండి. బెంచీలు నేను బయటికి లాగిస్తాను.

పాదం ఉండగానే తమరు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
చర్చి పక్క వీధి రిటైర్డు లైబ్రేరియన్

తా.క.: కార్యదర్శి మీద రాయొద్దంటోంది మా ఆవిడ. "పాపం, ఆ అబ్బాయేం చేస్తాడండీ?" అట. నిజమే, నా అసలు కోపం అతని మీద కాదు. నర్సమ్మను పంపుదామా అని సంఘాన్ని చేతులెత్తమన్నప్పుడు అందరూ నేలచూపులు చూశారు. ఒక్క మనిషి మాత్రం లేచి, "నాకేమండీ, మా ఆయనున్నాడు. అక్కడివాళ్ళకి ఎవరున్నారు? పంపండి" అంది. దాంతో చేతులన్నీ లేచాయి. ఇప్పటికీ నేను తప్పుపట్టేది ఆ మనిషినే. నా భార్యను.