నిద్రను ప్రార్థనగా చూపించబోయినవాడి మనవి

మునిసిపల్ కమిషనర్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: చర్చి వెనుక హాలుకు తమ సిబ్బంది వేసిన సీలు తీయించుట గురించి, ఆ సీలు పడుటలో నా తెలివితేటల పాత్ర గురించి.

తమ కార్యాలయం గేటు పక్కన మడత బల్ల వేసుకుని, అడిగినవారికల్లా అర్జీలు రాసిపెట్టే ముసలాయనను తమరు కారులోంచి చూసే ఉంటారు. ఆ ముసలాయనే నేను. ఇంతకాలం ఊళ్లోవాళ్ల కష్టాలన్నీ ‘పైన పేర్కొనబడిన’, ‘తత్సంబంధమైన’ అనే మాటల్లో చుట్టి తమకు సమర్పించుకున్నాను. ఇప్పుడు నా వంతు వచ్చింది. చేయి సరిగ్గా సాగడం లేదు. అయినా క్రింది అంశములు మనవి చేసుకుంటున్నాను.

1. నేను అద్దెకుండిన గది గల మేడను, కొత్తది కట్టుకొనుటకై యజమాని పడగొట్టించారు. దానిపై తమకు అప్పుడే ఒక అర్జీ పెట్టుకున్నాను. చాలా బాగా రాశానని నా అభిప్రాయం. జవాబు వచ్చే వేళకు ఆ గది లేదు కనుక, జవాబు ఎవరికి అందిందో నాకు తెలియదు.

2. తదుపరి నేను బస్ స్టాపులో నివసించాను. నివసిస్తున్నట్టు ఎవరికీ తెలియనివ్వలేదు. తల దువ్వుకుని, సంచీ ఒళ్లో పెట్టుకుని, బస్సు కోసం చూస్తున్నట్టు కూర్చునేవాణ్ని. చర్చివాళ్లు సాయంత్రంపూట భోజనం పొట్లాలు పంచుతూ వస్తే, నేను ప్రయాణికుణ్నని చెప్పి చేతిగడియారం చూసుకునేవాణ్ని. అది ఆగిపోయిన గడియారం. పాస్టరు గారి భార్య, అందరూ అక్కా అని పిలిచే ఆవిడ, కొన్నాళ్లు చూసి చూసి, ఒక వాన సాయంత్రం నా పక్కన నిలబడి, “మీ బస్సు ఆలస్యమయ్యేట్టుంది బాబాయ్ గారూ. వచ్చేదాకా మా హాల్లో కూర్చోండి,” అన్నారు. ఆ బస్సు సంగతి ఆవిడ ఇవాళ్టికీ మళ్లీ ఎత్తలేదు.

3. సదరు హాల్లో చీకటి పడగానే బెంచీలు గోడకు జరిపి చాపలు పరిచేవారు. పరంజా మీంచి పడి కాలు విరిగిన తాపీమేస్త్రీ, పని పోయిన వాచ్‌మన్, నోరు మూతపడని కారణంగా రేడియో మామ్మ అని పేరుపడ్డ పెద్దావిడ, ఇంకా నాలాంటివాళ్లు అక్కడ ఉండేవాళ్లం. మీది ఏ మతమని ఎవరూ అడగలేదు. అడగకపోయేసరికి నాకే ఉండబట్టక ఒక ఆదివారం ఆరాధనకు వెళ్లి వెనక వరుసలో కూర్చున్నాను. ప్రసంగం సగంలో నిద్రపోయాను. ఆ నిద్రలోనే ఈ దిగువ చెప్పబోయే ఆలోచన పుట్టిందని అనుమానం.

4. ఇరుగుపొరుగు ఫిర్యాదుపై తమ ఇన్‌స్పెక్టర్ గారు వచ్చి, హాలుకు ప్రార్థన నిమిత్తమే అనుమతి ఉన్నది, నిద్రకు లేదు అని హెచ్చరించి వెళ్లారు. పాస్టరు గారు కొత్త అనుమతికి దరఖాస్తు పెట్టి, ఎవరిదో అంత్యక్రియలకు పక్క ఊరు వెళ్లారు. నేను ఊరికే ఉండవలసింది. ఉండలేదు. ‘ఇచ్చట రాత్రంతా ప్రార్థన జరుగును’ అని పెద్ద అక్షరాలతో బోర్డు రాసి తలుపుకు కట్టాను.

తెల్లవారుతుండగా ఇన్‌స్పెక్టర్ గారు రానే వచ్చారు. బోర్డు చదివి, లోపలికి తొంగిచూసి, వీళ్లేం చేస్తున్నారని అడిగారు. ప్రార్థనలో ఉన్నారన్నాను. గురక వినిపిస్తోందే అన్నారు. లోతైన ప్రార్థన అని విన్నవించుకున్నాను. ఆయన నవ్వు ఆపుకోవడం నేను చూశాను. ఇంకో నిమిషం గడిస్తే వెళ్లిపోయేవారేమో. సరిగ్గా అప్పుడే పాస్టరు గారు సంచీతో బస్సు దిగి వచ్చారు. ఇన్‌స్పెక్టర్ గారు అదే ప్రశ్న ఆయన్నీ అడిగారు.

“నిద్రపోతున్నారండీ. ఇల్లు లేదు వాళ్లకి,” అన్నారాయన.

హెచ్చరికతో పోవలసిన వ్యవహారం, నా బోర్డు మూలాన మోసం కిందికి మారి, మధ్యాహ్నానికల్లా సీలు పడింది. పాస్టరు గారు నన్ను ఒక్క మాట అనలేదు. బోర్డు విప్పి నా చేతికిస్తూ, అక్షరాలు మాత్రం ముత్యాల్లా ఉన్నాయన్నారు. తిట్టినా బాగుండేది.

5. ప్రస్తుతం ఆడవాళ్లు పాస్టరు గారి ఇంట్లోనూ, మగవాళ్లం చర్చి వరండాలోనూ ఉంటున్నాము. తన వల్ల ఇంకొకరికి చోటు ఇరుకవుతుందని మేస్త్రీ ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు. వెతగ్గా వెతగ్గా, అతను పరంజా మీంచి పడిన ఆ సగం కట్టిన మేడలోనే, ఇసక మీద జ్వరంతో ఒళ్లు కాలిపోతూ దొరికాడు. కడుతున్న మేడలో ఉండరాదన్న నిబంధనలన్నీ నేను ఏకరువు పెట్టి రమ్మన్నాను. మొహం తిప్పుకున్నాడు. పాస్టరు గారు చెప్పులు విప్పి అతని పక్కన ఇసకలో పడుకున్నారు.

“నువ్వు లేచినప్పుడే నేనూ లేస్తాను. బాబాయ్ గారూ, ఇంట్లో చెప్పండి, ఇవాళ నేను ఇక్కడే.”

చాలాసేపటికి మేస్త్రీ ఏడుస్తూ చేయి అందించాడు. ఇప్పుడతను పాస్టరు గారి మంచం మీద ఉన్నాడు. జ్వరం తగ్గింది. పాస్టరు గారు వరండాలో మా మధ్య పడుకుంటున్నారు. ఆయనా గురక పెడతారు. అది ప్రార్థన కాదని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను.

కావున, బోర్డు నేరం పూర్తిగా నాది గనుక శిక్ష ఏదైనా నాకే విధించి, హాలు సీలు తీయించి, అందులో మనుషులు అబద్ధమాడే అవసరం లేకుండా నిద్రపోవుటకు అనుమతి దయచేయవలెనని, తీరిక చేసుకుని చిత్తగించవలెనని వేడుకుంటూ,

తమ గేటు పక్కనే ఉండే విధేయుడు,
అర్జీల తాతయ్య

తా.క.: పంపే ముందు దీన్ని వరండాలో అందరికీ చదివి వినిపించాను. బాగుందన్నారు. రేడియో మామ్మ మాత్రం చివరిదాకా నోరు మెదపకుండా విని, “ఇంత రాశావు గదా, మనకి చలేస్తోందని ఎక్కడ రాశావురా?” అని అడిగింది. మొదటి నుంచీ వెతికాను. ఎక్కడా లేదు.

అయ్యా, మాకు చలేస్తోంది.