మిల్లు గేటుకు ఎదురుగా

తమ్ముడు జనార్దన్‌కు,

ఆశీస్సులు. అలవాటు కొద్దీ రాశాను, పెద్దగా పట్టించుకోకు.

బైపాస్ నుంచి నీ రైస్ మిల్లుకు దారి కోసం నా పొలం అడుగుతూ నువ్వు పంపిన కాగితం మీ డ్రైవర్ ఇచ్చి వెళ్లాడు. సంతకం ఎక్కడ పెట్టాలో పెన్సిలుతో గుర్తు కూడా పెట్టావు. అక్కకు అంత తెలివి ఉండదనుకున్నావు కాబోలు.

మూసీ మీద కొత్త వంతెన దిగిన ఈ బైపాస్ రోడ్డు మొదటి ప్లాన్‌లో సూటిగా నీ గేటు ముందుకే వచ్చి మలుపు తిరిగేది. అది వీధిపోటు, మిల్లు మునుగుతుందని వాస్తు చూసే అయ్యగారు అనగానే వణికిపోయావు. ప్లాన్ మార్పించడానికి సూర్యాపేటలో నువ్వు ఎక్కని ఆఫీసు గడప లేదు. చివరికి ఆ మలుపును ముందే, నా పొలంలోకి తిప్పించావు. నేను ఏడిస్తే ఏమన్నావు? "జర ఊకో అక్కా. రోడ్డొస్తే ఊరు బాగుపడ్తది."

బాగుపడింది. మిర్యాలగూడ పోయే లారీలు నీ మిల్లు రేకులను దూరం నుంచి చూసి వెళ్లిపోతున్నాయి. లోపల హమాలీలు నీడలో పడుకుని నిద్రపోతున్నారట. ఇంత పెద్దమనిషివి, ఒక అయ్యగారి మాటకు ఉన్న దారిని నువ్వే పోగొట్టుకున్నావు.

సరే, రోడ్డుకు పోగా మిగిలిన పొలం ఇస్తాను. కానీ దారి వంకర తిరగకూడదు. ఆ మలుపు నుంచి నీ మిల్లు దాకా, మొదటి ప్లాన్‌లో ఉన్నట్టే, సూటిగా వేయించు. అది ఎక్కడికి వచ్చి తగులుతుందో నీ గేటులో నిలబడి ఒకసారి చూసుకో.

ఒప్పుకుంటే అయ్యగారిని వెంటబెట్టుకుని రా. ఆయన ముందే సంతకం పెడతాను.

నీ అక్క