ఇంజిన్ చల్లారేదాకా

మహేశ్,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు తయారుచేస్తూ సగంలో వదిలేసిన కంప్యూటర్ లారీ గేమ్‌ను నేను పూర్తి చేశాను. ఎక్కువ లోడుతో ఘాట్ ఎక్కితే ఇంజిన్ నువ్వు కోరినట్టే వేడెక్కుతోంది. ముందు పికప్ తగ్గుతుంది, తర్వాత టకటకమని చప్పుడు. అప్పటికీ ఆపకపోతే ఇంజిన్ పగులుతుంది. ఆపితే చల్లారేదాకా కూర్చోవాల్సిందే. "అంతసేపు ఎవరు ఆగుతరు?" అని కట్టుకున్నదాన్ని నేనెంత పోట్లాడినా నువ్వు ఆ సమయం తగ్గించనివ్వలేదు. నేనూ తగ్గించలేదు.

ఈరోజు భూపాలపల్లి నుంచి మీ బాపు మన మహబూబాబాద్ ఇంటికి వచ్చాడు. నువ్వు పోయినప్పటి నుంచి నీ పేరెత్తని మనిషి. నీ ఫొటోకు దండ వేసి దాని ఎదురుగా కూర్చున్నాడు. నువ్వు చేసింది చూపిద్దామని గేమ్ పెట్టి స్టీరింగ్ ఆయన చేతికిచ్చాను. బొగ్గు లారీలు నడిపినవాడు కదా, వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటగానే బండి పక్కకు తీశాడు. నేను నీళ్లు పోసే బటన్ నొక్కబోయాను.

"ఇప్పుడే పొయ్యకు బిడ్డా, పగులుతది. జర సల్లారనీ."

ఇద్దరం తెర చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి ఆయనే అన్నాడు.

"చిన్నగున్నప్పుడు నాతోని లారీల వచ్చేటోడు. ఇంజన్ వేడెక్కి బండి ఆగితే మస్తు సంబురపడేటోడు. తోలేటప్పుడు నేను మాట్లాడకపోయేది. ఆగితెనే వానికి నేను దొరికేది."

నువ్వు నాకిది ఎప్పుడూ చెప్పలేదు.

మీ బాపు సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు. తెర మీద లారీ ఆయన ఆపిన చోటే ఉంది. ఇంజిన్ ఎప్పుడో చల్లారింది. నేనే ఇంకా బండి తీయలేదు.