పచ్చజెండా కింద వీపులు

సమరిండా బొగ్గు రేవులో ఉన్న మా ఆయన తర్సోనో గారికి సెమరాంగ్ నుంచి కస్మిని నమస్కారాలు. నేనూ పాపా క్షేమం. మీ దగ్గు తగ్గిందనుకుంటాను.

మీరు అడిగినట్టే వంటింటి పైకప్పు బాగుచేయించాను. పాపకు బూట్లు సరిపోయాయి. మీ చెల్లెలు వర్తిని ఫోను ఎందుకు ఎత్తడం లేదని కూడా అడిగారు. చెబుతాను. ముందు నా కసి తీరిన కబురు వినండి. మా కుట్టు ఫ్యాక్టరీ మేనేజరు హర్సోయో పని అయిపోయింది.

ఆయన తెచ్చిన ఆరోగ్య పథకం మీకు తెలుసుగా. శుక్రవారం పొద్దున్నే వ్యాయామం, గోడల మీద పండ్ల బొమ్మలు. మూడు నెలలు ఎవరూ జబ్బు సెలవు పెట్టని మిషన్ల వరసకు పచ్చజెండా, మనిషికో రైస్ కుక్కర్. ఒక్కరు సెలవు పెడితే ముప్పైమందికీ పోతుంది. ఇంకేముంది, జ్వరమొచ్చినా డాక్టరు గది గడప తొక్కడం మానేశాం. నమాజు గదిలో తలుపేసుకుని, ఒంట్లో గాలి చేరిందని, మన జావా ఇళ్లలో చేసే నాటు వైద్యమే, ఒకరి వీపుకు ఒకరం నూనె రాసి, నాణెంతో ఎర్రగా గీకి, మళ్లీ మిషన్ల ముందు కూర్చునేవాళ్లం. జబ్బులు సగానికి తగ్గాయని హర్సోయో పెద్దాఫీసుకు రాసుకున్నాడు.

పథకం నిజంగా పనిచేసిందో లేదో చూడటానికి పోయిన మంగళవారం జకార్తా పెద్దాఫీసు నుంచి రెత్నో అనే మేడమ్ వచ్చింది.

"చూడండి మేడమ్, ఈ వరసలో మూడు నెలలుగా తుమ్మినవాళ్లు కూడా లేరు!" అని హర్సోయో మురిసిపోయాడు.

నేను లేచాను. "కాగితాలు తర్వాత చూద్దురుగానీ, ఆడవాళ్ల నమాజు గదికోసారి రండి మేడమ్. సార్, మీరక్కడికి రాకూడదు, ఇక్కడే ఉండండి."

లోపల పదకొండుమంది చొక్కాలెత్తి గోడవైపు తిరిగారు. వీపుల నిండా ఎర్రచారలే. ఆమె కూడా జావా మనిషే, అవేమిటో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"ఇప్పుడు జ్వరం ఎంతమందికుంది?" అంది. ఐదు చేతులు లేచాయి. ఆమె రాసుకుంటుంటే, బయట హర్సోయో తలుపు బాదుతూ, "ఏం చేస్తున్నారే లోపల?" అని అరుస్తున్నాడు. నాకు పండగలా ఉంది. తిడితే తిట్టండి.

ఇక వర్తిని సంగతి. అదీ మా వరసలోనే కుట్టేది కదా, నెల కిందట దానికి నాలుగు రోజులు జ్వరం. నాలుగో నెల కడుపుతో ఉందని నాకొక్కదానికే చెప్పింది. "వదినా, నిలబడలేకపోతున్నా. ఇవాళొక్కరోజు ఇంటికి పోతా" అంది. మా వరస లీడర్ని నేనే. జెండాకు ఇంకా రెండు రోజులే ఉంది. "పిచ్చిదానా, గాలి చేరిందంతే, ఇటు తిరుగు" అని నేనే దాని వీపు గీకాను, నేనే మిషను ముందు కూర్చోబెట్టాను. మధ్యాహ్నానికి పడిపోయింది. డెంగ్యూ. ప్రాణం దక్కింది కానీ కడుపు నిలవలేదు. సెలవు లెక్కలోకి రాకుండా, జబ్బు దాచి పనికొచ్చిందని రాసి, హర్సోయో దాన్ని పనిలోంచి తీసేశాడు. అలా మా జెండా మాకు వచ్చింది. నా కుక్కర్ పెట్టె ఇంకా విప్పలేదు.

ఆ మంగళవారం నమాజు గదిలోంచి బయటికొచ్చాక, మేడమ్ వర్తినిని తీసేసిన కాగితం చూపించి, "ఈ అమ్మాయి నిజంగా దాచిందా?" అని అడిగింది.

హర్సోయో నా చెవి దగ్గరికి వంగి, "నోరు తెరిస్తే నువ్వూ పోతావ్" అన్నాడు.

"పోతాను సార్. మీరు ముందు నడవండి." మేడమ్ వైపు తిరిగాను. "అది దాచలేదు మేడమ్. సెలవడిగింది. నేనే ఇవ్వలేదు. ఆయన పేరు కింద నా పేరు రాసుకోండి."

రాసుకుంది. ఆయన ఉద్యోగం పోయింది, నా పనీ పోయింది. నిన్న వర్తినిని తిరిగి పనిలోకి తీసుకుంటున్నట్టు కాగితం వస్తే, తీసుకెళ్లి దాని చేతిలో పెట్టాను. చదివి మడిచింది. నా మొహం చూడలేదు.

"బిడ్డ సంగతి అన్నయ్యకు నువ్వే రాయి వదినా" అంది.

రాశాను.

ఇట్లు,
మీ చెల్లెలి వదిన
కస్మిని