గోడ ఉన్న బడి, కాలవ గట్టు బడి

అమలాపురం,
శనివారం.

అక్కకు సుజాత నమస్కారాలు. నువ్వు, బావ, పిల్లలు ఎట్లా ఉన్నారు? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. ఫోన్లో చెప్పబోతే ఏడుపు ముందొస్తోంది, అందుకే కాగితం పట్టుకున్నాను. కంగారు పడొద్దు, నిజంగా బాగానే ఉన్నాం.

మీ మరిది పొద్దున్నే రొయ్యల మేత వ్యాను తీసుకుని ఉప్పలగుప్తం వైపు పోతే చీకటి పడ్డాకే రావడం. ఉక్కపోత చెప్పలేను. సంగటి కెలికితే పక్కింటివాళ్ళు వింతగా చూశారు. రాగిపిండి ఎవరైనా వస్తే పంపించు.

మేం వచ్చింది ఎండాకాలంలో కదా. ఇంటి వెనక లోతైన గుంట, అందులో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. వానొస్తే తప్ప పారని మన కళ్యాణదుర్గం వంకలాంటిదే అనుకున్నాను. గట్టు మీదే సర్కారు బడి. ఇల్లూ బడీ పక్కపక్కనే అని మురిసిపోయి అద్దెకు దిగాం, లల్లిని రెండో తరగతిలో చేర్చాం. అది కాలవట అక్కా. బాగుచేయడానికి ఎండల్లో నీళ్ళు ఆపుతారట. ఒకరోజు పొద్దున లేచి చూస్తే గట్టు అంచుదాకా ఎర్రటి నీళ్ళు, చప్పుడు లేకుండా పోతున్నాయి. లల్లిని లోపలికి లాక్కుని పెరటి తలుపు గడియ పెట్టాను. మనకు నీళ్ళంటే బిందెలో ఉండేవే కదా.

అప్పట్నుంచి నాకు అన్నం సయించదు. బడి వదిలే వేళకు ముందే పోయి గట్టు మీద నిలబడతాను.

సెంటర్లో ఇంకో సర్కారు బడి ఉంది. ఎత్తైన గోడ, గేటు, తరగతికో టీచరు. చూడగానే ప్రాణం లేచొచ్చింది. కాకపోతే పిల్లలు కిక్కిరిసి ఉన్నారు, నా మాట వినడానికే ఎవరికీ తీరిక లేదు. మా గట్టు బడిలో రెండు తరగతులు ఒకే గదిలో కూర్చుంటాయి. అయినా లల్లికి కూడబలుక్కుని చదవడం వచ్చింది ఇక్కడే. టీచరుగారు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పారు. పిల్ల క్షేమంగా ఉంటే చదువు ఎక్కడైనా వస్తుందనుకుని టీసీ అడగడానికి పోయాను.

"ఇస్తానండీ, దానికేం. మరి సాయంత్రం ఇంటికొచ్చేక పాప ఎక్కడ ఆడుకుంటుందండీ? మీ పెరడు దాటితే కాలవే కదండీ. ఈత నేర్పేరా?" అన్నారు టీచరుగారు.

నాకే రాదన్నాను.

"ఆయ్. మేమంతా కొబ్బరికాయలు కట్టుకునే నేర్చుకున్నామండీ. మీ ఇంటిగలావిడతో చెప్తాను."

పోయిన ఆదివారం ఇంటి ఓనరు సత్యవతిగారు ఒలవని ఎండు కొబ్బరికాయలు రెండు తాడుతో జతకట్టి, లల్లి చంకల కింద ఇరికించి, రేవు మెట్ల దగ్గర దింపారు. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి అది తేలుతోంది, నవ్వుతోంది.

టీసీ మాట మళ్ళీ ఎత్తలేదు. భయం మాత్రం పోలేదక్కా, రెండింతలైంది. ఇక్కడ పిల్ల జారిపడితే దూకడానికి వీధి వీధంతా ఉంది. ఒడ్డున నిలబడి అరిచేది కన్నతల్లిని నేనొక్కదాన్నే.

అందుకే నాకు కూడా పెద్ద కాయలు చూసి పెట్టమని సత్యవతిగారిని అడిగాను. రేపు ఆదివారం. మీ మరిదికి తెలిస్తే వద్దంటారని చెప్పలేదు. నువ్వూ అమ్మకు చదివి వినిపించొద్దు.

నాయనకు, అమ్మకు, బావకు నా దండాలు. పిల్లలకు ముద్దులు. ఇది నీ చేతికొచ్చేసరికి నేను దిగేసి ఉంటాను. కాళ్ళకు నేల అందకపోతే ఎట్లా ఉంటుందో నాకు తెలీదక్కా. దీవించు.

నీ చెల్లెలు,
సుజాత