రికార్డు రూము తాళంచెవులు

జూలై, మంగళవారం రాత్రి

నాకు కరోనా అని తేలగానే మా వీధికి రెండు వైపులా అడ్డంగా కట్టెలు కట్టేశారు. రికార్డు రూము తాళంచెవులు కూడా నాతోపాటే ఇంట్లో ఇరుక్కున్నాయి. రికార్డు కీపరే వాటిని ఇంటికి తెచ్చుకోవడం మా తహసీల్దారు ఆఫీసులో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. ఇప్పుడు కవర్లో పెట్టి ఇస్తానన్నా ముట్టుకోవడానికి ఆఫీసు నుంచి ఒక్కడూ రాడు.

పొద్దున మునిరత్నం అనే రైతు ఆఫీసులో నా నంబరు తీసుకుని వచ్చి, కట్టెల అవతల నిలబడి ఫోన్ చేశాడు. కోర్టులు మూతపడ్డాయని చూసుకుని పక్క పొలమాయన బండిదారి దున్నేస్తున్నాడట. అక్కడ దారి ఉందని చూపే పాత పటం రికార్డు రూములోనే ఉంది.

"ఆ బీగంచెవులు ఇట్ల ఇసిరేయండి సార్. నేనే ఆపీసులో ఇచ్చేస్తా."

బయటివాళ్ల చేతికి ఇవ్వకూడదు. పెద్దసారుకు ఫోన్ చేసి, తాళం పగలగొట్టించమని బతిమాలాను.

"పగలగొట్టాలంటే రికార్డు కీపరు ఎదురుగా ఉండాల కదప్పా. నువ్వు రాలేవు కదా!" అన్నాడాయన.

నేనే రాగలిగితే పగలగొట్టడం దేనికి? ఒళ్లు మండి ఫోను మంచం మీదికి విసిరికొట్టాను.

మధ్యాహ్నం మేడెక్కి చూస్తే అతను తలమీద తువ్వాలు కప్పుకుని అక్కడే ఉన్నాడు. తాళంచెవులు నా జేబులోనే ఉన్నాయి. విసిరితే అతని కాళ్ల దగ్గర పడేవి. రూలు రూలే అనుకుంటూ దిగొచ్చేశాను.

సాయంత్రం మళ్లీ ఫోన్ చేశాడు.

"ఇంక బీగంచెవులతో పన్లేదులే సార్. దారంతా దున్ని శెనక్కాయ ఇత్తేసినారు."

ఫోన్ పెట్టేసేముందు అతనే అడిగాడు.

"మీకు జొరం తగ్గిందా సార్?"