నీలం పొర

జూన్ 2, ఆదివారం

ఆట కార్డులమ్మే షాపులో ఇవాళ, మేం ఆదివారాలు ఆడుకునే టేబుల్‌కి ఎసరొచ్చింది. ఓనర్‌ని మేం కళ్ళజోడన్న అంటాం. ఆట మొదలుపెట్టబోతుంటే వచ్చి, జేబులోంచి మా ఆటలోకెల్లా ఖరీదైన లైట్‌హౌస్ కార్డు ఒకటి తీసి, మా ముందే నిలువునా చింపాడు. చిరిగిన అంచు ఒక్కొక్కరి ముక్కు దగ్గరా పెట్టి చూపించాడు. తెల్లగా ఉంది. అసలు కార్డుకి కాగితం మధ్యలో నీలం పొర ఉంటుందట. ఎంత గొప్ప నకిలీకైనా అది రాదట. ఎవడో దీన్ని అసలుదని చెప్పి ఆయన కస్టమర్‌కి అంటగట్టాడు. ఇక్కడ ఇవి అచ్చేసేది మీరేగా బాబూ అన్నాడు. బాబూ అన్నది నన్నే. ఇంకొకటి బయటపడితే టేబుల్ ఎత్తేస్తాడట.

నేను ఊరుకుంటానా! మావి నకిలీలు కావు, ప్రాక్సీలు అన్నాను. ముందు వైపు మాత్రమే అచ్చేస్తాం, వెనక తెల్లగా వదిలేస్తాం, ప్లాస్టిక్ కవర్లో దాని వెనకాల ఒక చవక కార్డు పెట్టుకుని ఆడుకుంటాం, ఒక్కటైనా అమ్మామా అన్నాను. కాగితం ముక్కకి బంగారం రేటు కట్టిన కంపెనీని ముందు అడగండి అన్నాను. షాపంతా మావైపే చూస్తోంది. పక్కనే కూర్చున్న నర్సక్క నా చొక్కా పట్టి లాగి కూర్చోబెట్టింది. ఒరేయ్, మిగతాది ఇంటికెళ్ళి అద్దానికి చెప్పుకో అంది.

ఈ టేబుల్ పోతే మేం నలుగురం ఎక్కడ కలుస్తాం? నర్సక్కది హాస్టల్ గది. మేం పొడుగు అని పిలిచేవాడి ఇంట్లో నిలబడ్డానికే చోటు లేదు. గ్రీజు తను పనిచేసే గ్యారేజీలోనే పడుకుంటాడు. నేను బాబాయి ప్రింటింగ్ షాపు పైన రేకుల గదిలో. వారానికి ఒక్క పూట, ఒక్క టేబుల్ దగ్గర, అందరికీ ఒకే బలం. అది పోకూడదు.

జూన్ 4, మంగళవారం

బాబాయి షాపులో కలర్ మెషిన్ నడిపేది నేనే. తప్పుగా అచ్చయిన కరపత్రాలు కూడా నావే. కార్మికులవి, అద్దెవాళ్ళవి, నీళ్ళ కోసం పోరాడేవాళ్ళవి, అన్నీ పైకి పట్టుకెళ్ళి చదువుతాను. నా చదువంతా అదే. మా టేబుల్ కోసం నేనూ ఒకటి రాసి అచ్చేశాను. ‘కార్డు కాగితమే!!!’ అని శీర్షిక. మొదటి రూలు, నేను మొదటినుంచీ అంటున్నదే: అసలు కార్డు దాచుకున్నవాడు మనవాడు కాదు. బాబాయి చదివి, ఆశ్చర్యార్థకాలకి ఇంకు వేరే ఖర్చురా అన్నాడు.

లైట్‌హౌస్ మా అందరి డెక్కుల్లోనూ, అంటే ఆటకి తెచ్చుకునే కార్డుల కట్టల్లోనూ ఉంది. అది టేబుల్ మీద పడితే ప్రతివాడూ చేతిలో ముక్కలు బోర్లించకుండా చూపించాలి. ఎవడి గుట్టూ దాగదు. నాకు అందుకే అదంటే ప్రాణం. దాని స్కాన్ మాకు పోయినేడాది మా మెషిన్లోనే దొరికింది. ఎవడో డబ్బున్న కస్టమర్ స్కాన్ చేసుకుని చెరపడం మర్చిపోయాడు. వాడి నిర్లక్ష్యం మా నలుగురికీ పండగ.

ఇప్పుడా స్కాన్‌తోనే ఒకడు వ్యాపారం చేస్తున్నాడు. మా నలుగురిలోనే. నేను కాదు. కాబట్టి ముగ్గురిలో.

జూన్ 5, బుధవారం

పొడుగు కొత్త బూట్లు వేసుకున్నాడు.

జూన్ 6, గురువారం

బూట్లు వాళ్ళ బావవట. అడక్కుండానే చెప్పాడు. అడక్కుండానే ఎందుకు చెప్పాలి?

జూన్ 9, ఆదివారం

పాత ప్రింట్లు వెలిసిపోయాయని చెప్పి అందరికీ కొత్త లైట్‌హౌస్‌లు ఇచ్చాను. అసలు సంగతి వేరు. ఒక్కొక్కరిదాంట్లో ఒక్కో చోట చుక్క పెట్టాను. నర్సక్కకి మేఘంలో, పొడుగుకి తలుపు మీద, గ్రీజుకి అలలో. ఈసారి కళ్ళజోడన్న చేతికి ఏది దొరికినా ఎవరిదో తెలిసిపోతుంది.

నర్సక్క థాంక్యూరా తమ్ముడూ అని నెత్తిన మొట్టింది. పొడుగు వెంటనే మార్చుకున్నాడు. గ్రీజు మాత్రం ఇంటికెళ్ళి పెట్టుకుంటాలే అన్నాడు.

ఇంకొకటి చూశాను. గ్రీజు ఆటకి ముందు చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చి, ఆరబెట్టుకుని, మళ్ళీ వెళ్ళి కడుక్కున్నాడు. అన్నం తినేటప్పుడు కూడా ఇంత కడుక్కోడు. పైగా వాడి లైట్‌హౌస్‌కి రెండు కవర్లు. ఒకదాంట్లో ఒకటి. నేనిచ్చిన కాగితానికి ఇంత మర్యాదేమిటి?

జూన్ 12, బుధవారం

నేను లేనప్పుడు కలర్ మెషిన్ ఎవరైనా వాడుతున్నారా అని బాబాయిని అడిగాను. వాడకపోతే మనం తినేదేమిట్రా అన్నాడు. మావాళ్ళెవరైనా అని గుచ్చి అడిగాను. మీసం దువ్వుకుని, నువ్వు పోలీసువి కావాల్సినవాడివి, నా ఖర్మకొద్దీ ఇక్కడ పడ్డావు అన్నాడు. మాట మార్చాడు. బాబాయి కూడా?

జూన్ 16, ఆదివారం, మధ్యాహ్నం

దొరికాడు. గ్రీజు చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు వాడి డెక్కు తీసి చూశాను. లైట్‌హౌస్‌లో, అలలో చుక్క లేదు. కవర్లు విప్పాను. వెనకాల చవక కార్డు లేదు. ఒకే కార్డు, రెండు వైపులా అచ్చు. అంచులు నున్నగా, మా కటింగ్ మెషిన్ జన్మలో కొయ్యలేనంత నున్నగా. వీడికి ఎక్కడో పెద్ద ప్రెస్సు తెలుసు. మా టేబుల్ చాటున అమ్ముకుంటున్నాడు.

వాడొచ్చేసరికి లేచి నిలబడ్డాను. కళ్ళజోడన్నని కేకేసి పిలిచాను. దొంగ ఇడుగో, మాలో కుళ్ళుని మేమే కడుక్కుంటాం అన్నాను. గ్రీజు అది ఇటివ్వరా అని చెయ్యి చాచాడు. అరవలేదు. నెమ్మదిగా, తిరుగుతున్న ఇంజన్ మీద వేలు పెట్టబోయేవాడికి చెప్పినట్టు, ఒరేయ్ వద్దురా, అది ఇటివ్వు అన్నాడు. నర్సక్క కూడా ఆగరా అంది.

చింపేశాను.

అదే రోజు, సాయంత్రం

మధ్యలో నీలం గీత ఉంది.

కళ్ళజోడన్న రెండు ముక్కలూ దీపం కింద పెట్టి చూశాడు. కళ్ళజోడు తీసేసి, తుడిచి, మళ్ళీ చూశాడు. ఇరవయ్యేళ్ళుగా ఈ షాపులో ఉన్నాను, అసలుదాన్ని చేత్తో పట్టుకోవడం ఇదే మొదలు అన్నాడు. గ్రీజు ముక్కలు తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు. కవర్లు కూడా ఏరుకున్నాడు. వెళ్ళిపోయాడు.

అసలుదేమో అన్న అనుమానం నాకు ఒక్క క్షణం కూడా రాలేదు. గ్యారేజీలో కార్ల కింద పడుకునేవాడి దగ్గర అంత కార్డు ఎలా ఉంటుంది? ఇలా అనుకున్నది నేనే. కరపత్రాలు రాసేవాణ్ణి.

జూన్ 17, సోమవారం

బాబాయికి అంతా చెప్పాను. షట్టర్ సగం దించి నన్ను కూర్చోబెట్టాడు. ఆ స్కాన్ ఏ డబ్బున్నవాడూ మర్చిపోయింది కాదట. పోయినేడాది నేను భోజనానికి వెళ్ళినప్పుడు గ్రీజు వచ్చాడట. మెషిన్ గ్లాసుని సొంత చేతిరుమాలుతో తుడిచి కార్డు పెట్టాడట. ఫైల్ వాడికి కనబడేలా వదిలేయండి బాబాయ్, అందరికీ వేసిస్తాడు, నా పేరు మాత్రం చెప్పకండి, నా దగ్గర అసలుదుందని తెలిస్తే నన్ను టేబుల్ దగ్గరికి రానివ్వడు అన్నాడట.

మరి నాకెందుకు చెప్పలేదని బాబాయి మీద అరిచాను. నువ్వు అడిగింది దొంగ ఎవరని, ఇచ్చింది ఎవరని కాదుగా అన్నాడు.

రాత్రి నర్సక్కకి ఫోన్ చేశాను. ఆవిడకి ముందే తెలుసు. గ్రీజు మొట్టమొదట కొన్న సీలు ప్యాకెట్లోనే అదృష్టంకొద్దీ వచ్చిందట అది. బయట ఎక్కడ తీసినా దాన్ని అమ్ముతావా అని చుట్టూ మూగుతారు, మన టేబుల్ దగ్గరే అక్కా దీంతో ఆడుకోగలిగేది, ఇక్కడైతే అన్నీ నకిలీలే కాబట్టి దీన్నెవరూ చూడరు అనేవాడట. ఫోన్ పెట్టేసే ముందు, చుక్కల సంగతి నాకు తొలిరోజే కనబడిందిరా, నన్ను కూడా అనుమానించావు కదూ అంది.

జూన్ 19, బుధవారం

గ్యారేజీకి వెళ్ళాను. కారు కింద నుంచి కాళ్ళు మాత్రమే కనబడ్డాయి. సారీరా అన్నాను. పానా చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది.

జూన్ 20, గురువారం

కళ్ళజోడన్న ఫోన్. నకిలీ అమ్మినవాడు దొరికాడట. వేరే ఊరి నుంచి పార్సిల్లో తెప్పించుకుంటున్నాడట. మీకేం సంబంధం లేదు బాబూ, ఆదివారం రండి, టేబుల్ మీదే అన్నాడు.

జూన్ 23, ఆదివారం

టేబుల్ ఉంది. నేనొక్కణ్ణే ఉన్నాను.

జూన్ 25, మంగళవారం

గ్రీజు మా ప్రింటింగ్ షాపుకి వచ్చాడు. కస్టమర్ల వరసలో నిలబడ్డాడు. చేతులు కడుక్కునే వచ్చాడు. వంతు రాగానే రెండు ముక్కలూ మెషిన్ గ్లాసు మీద అంచుకి అంచు చేర్చి పెట్టి, ఒక కలర్ కాపీ కావాలండీ అన్నాడు.

చిరుగు కనబడకుండా కంప్యూటర్లో సరిచేస్తానన్నాను.

వద్దండీ, ఉండనివ్వండి అన్నాడు.

వెనక వైపు ఏం చెయ్యమంటావని అడిగాను.

తెల్లగా వదిలేయండి అన్నాడు.